ఓడెక్కేవి, విమానమెక్కేవి, ఊరికి వెళ్లేవి: బెంగళూరు నుంచి మెల్‌బోర్న్‌కి సామాన్లు ఎంచుకున్న అనుభవం

విదేశానికి మకాం మార్చేటప్పుడు ఇల్లంతా కలియదిరుగుతూ "ఇది కావాలా, వద్దా" అనుకుంటూ కూర్చుంటే నెల్లాళ్లయినా ఏదీ తేలదు. చూసిన ప్రతిదీ కావాలనే అనిపిస్తుంది. టేపు, సూట్‌కేసు తూచే చిన్న కాటా, ఒక నోటుపుస్తకం చేతికొచ్చాకే మా ఇంట్లో లెక్క కుదిరింది. మాది బెంగళూరు మహదేవపురలో రెండు బెడ్‌రూముల ఫ్లాటు, నలుగురం, వెళ్లింది మెల్‌బోర్న్‌కి. ఈ పనిలో నాకు బోధపడిందల్లా ఇది: విమానం కిలోలు చూస్తుంది, ఓడ ఎంత చోటు పట్టిందో చూస్తుంది, ఆస్ట్రేలియా క్వారంటైన్ వాళ్లు (పురుగులు, విత్తనాలు, మట్టి దేశంలోకి రాకుండా సామాను తనిఖీ చేసేవాళ్లు) ఆ వస్తువు దేనితో చేసిందో చూస్తారు. ఈ మూడూ వరసగా అడుగుతూ పోతే తొంభై శాతం సామాను ఎక్కడికి పోవాలో తేలిపోతుంది. మనసుకు దగ్గరైనవి ఓ పది పన్నెండు మిగులుతాయి. కూర్చుని మాట్లాడుకోవాల్సింది వాటి గురించే.

ముందు ఓడ లెక్క. కంటైనర్ మొత్తం తీసుకోకుండా అందులో కొంత చోటు మాత్రమే తీసుకోవడాన్ని ఎల్‌సీఎల్ అంటారు. 20 అడుగుల కంటైనర్‌లో లోపలి చోటు దాదాపు 33 క్యూబిక్ మీటర్లు. మంచాలు, సోఫాలు వదిలేసే కుటుంబానికి 3, 4 క్యూబిక్ మీటర్లు చాలు కాబట్టి ఎల్‌సీఎల్ సరిపోతుంది. ప్యాకర్ల నోట వినిపించే సీబీఎం అన్నమాట ఈ క్యూబిక్ మీటరే. 1 సీబీఎం అంటే 35.3 ఘనపుటడుగులు. మామూలుగా వాడే 18×18×24 అంగుళాల అట్టపెట్టె 4.5 ఘనపుటడుగులు, అంటే 0.127 సీబీఎం. ఒక సీబీఎంలో ఇలాంటివి ఏడెనిమిది పడతాయి.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఓడలో ఒక సీబీఎం లేదా ఒక టన్ను, ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటారు. ఇంటి సామాను సీబీఎంకి టన్ను తూగడం జరగని పని. కాబట్టి బరువుకి భయపడక్కర్లేదు. సీబీఎంకి 30,000 రూపాయలు అనుకుని ఒక లెక్క వేసి చూడండి. పుస్తకాలకు వాడే 12×12×18 అంగుళాల పెట్టె 1.5 ఘనపుటడుగులు, 0.0425 సీబీఎం, 1,275 రూపాయలు. అందులో 20 కిలోల పుస్తకాలు పడతాయి. కిలో 64 రూపాయలు పడ్డట్టు. అదే మూడు సీట్ల సోఫా 200×90×85 సెం.మీ. అంటే 1.53 సీబీఎం, 45,900 రూపాయలు. మిక్సీ జార్లతో సహా 40×30×30 సెం.మీ. పెట్టెలో పడుతుంది, 1,080 రూపాయలు. ఇలా ప్రతి వస్తువు పక్కనా మూడు అంకెలు రాశాం: ఓడ ఖర్చు, అక్కడ కొత్తది కొంటే అయ్యే ధర, ఇక్కడ అమ్మితే వచ్చే ధర. మొదటి అంకె రెండోదానిలో సగం దాటితే ఆ వస్తువు వద్దనుకున్నాం. ఈ సగం అన్నది మేం పెట్టుకున్న గీత. మీ గీత మీరు గీసుకోండి, కానీ ఒక గీత మాత్రం ఉండాలి.

విమాన కార్గో లెక్క దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగిస్తారు. వచ్చిన అంకె అసలు బరువు కంటే ఎక్కువైతే దానికే డబ్బు కట్టాలి. కొరియర్లు చాలావరకు 5000తోనే భాగిస్తాయి. దిండ్లు నింపిన పెద్ద పెట్టె 6 కిలోలే తూగినా 21 కిలోలకు పైగా డబ్బు కట్టాల్సి వస్తుంది. అందుకని దిండ్లు, బొంతలు, పరుపులు ఎందులోనూ గిట్టుబాటు కావు. ఇత్తడి బిందెలు, పుస్తకాలు, గ్రైండరు లాంటి చిన్నవీ బరువైనవీ ఓడకి ఇవ్వాలి.

చెకిన్ సూట్‌కేసుల్లో విలువైనవి పెట్టాలని అందరూ అనుకుంటారు. నా లెక్కలో అవి మొదటి రెండు నెలల సంసారానికి. ఇంటి నుంచి లారీలో చెన్నై రేవుకు, అక్కడి నుంచి మధ్యలో ఇంకో రేవులో ఓడ మారి, కస్టమ్స్, క్వారంటైన్ దాటి మా పెట్టెలు గుమ్మంలోకి రావడానికి తొమ్మిది వారాలు పట్టింది. అన్నాళ్లూ వండుకోవాలి, పడుకోవాలి, పిల్లలు బడికి వెళ్లాలి. మా టికెట్లపై మనిషికి 30 కిలోలు. ఖాళీ సూట్‌కేసే నాలుగైదు కిలోలుంటుంది కాబట్టి నికరంగా 25. నాలుగింటికి 100 కిలోలు. అందులో బట్టలు, చెప్పులు 55, వంటింటివి 20, దుప్పట్లు 12, తినేవి 5. మిగతా 8 కిలోలు ఖాళీగా వదిలాం, పెట్టెకి రెండేసి. ఇంట్లో కాటాకీ విమానాశ్రయం కాటాకీ కిలో అటూ ఇటూ తేడా వస్తుంది. మీ టికెట్‌పై ఎంత రాసి ఉన్నా ఒక్కో పెట్టె 32 కిలోలు మించకూడదు. అంతకు మించితే డబ్బు కడతామన్నా తీసుకోరు, పెట్టె విప్పి రెండుగా సర్దాల్సిందే.

ఆ 20 కిలోల వంటింట్లో ఏముందంటే: 3 లీటర్ల కుక్కరు, దాని లోపల పట్టే రెండు గిన్నెలు, ఒక మూకుడు, పెనం, అట్లకాడ, రెండు గరిటెలు, నాలుగు కంచాలు, నాలుగు గ్లాసులు, చిన్న మిక్సీ, ఖాళీ పోపుల డబ్బా. దీంతో రెండు నెలలూ ఏ లోటూ లేకుండా గడిచాయి. జూన్‌లో దిగేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి, అక్కడ అప్పుడు చలికాలం. స్వెట్టర్లు ఓడలో వేస్తే అవి చేరేసరికి చలి తగ్గిపోతుంది.

వంటింటి గురించి వివరంగా చెప్పాలి, ఎక్కువమంది పొరబడేది అక్కడే. అమెరికా వెళ్లిన బంధువులు "మిక్సీ, గ్రైండరు అక్కడ పనిచేయవు, తీసుకెళ్లకండి" అంటారు. అమెరికాకి అది నిజమే. అక్కడ కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఆస్ట్రేలియాలో మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్. మన మిక్సీ, వెట్ గ్రైండరు, ఇస్త్రీపెట్టె ట్రాన్స్‌ఫార్మర్ లేకుండానే నడుస్తాయి. మారేది ప్లగ్గు ఒక్కటే. మనకి గుండ్రటి పిన్నులు, అక్కడ ఏటవాలుగా ఉండే రెండు చదును పిన్నులు, కింద ఎర్తు పిన్ను. ఎస్పీ రోడ్డులో అడాప్టర్లు దొరుకుతాయి కానీ చూసి కొనండి. చవక రకాల్లో రెండు పిన్నులే ఉంటాయి, ఎర్తు ఉండదు. ఫోన్ చార్జర్‌కి అది చాలు. లోహపు ఒళ్లున్న గ్రైండరుకి, ఇస్త్రీపెట్టెకి మాత్రం ఎర్తు లేని అడాప్టరు పెట్టకండి. లోపల వైరు తెగి ఆ లోహపు ఒంటికి తగిలితే, ఎర్తు లేనప్పుడు షాక్ కొట్టేది మనిషికే. అక్కడి మామూలు సాకెట్టు 10 ఆంపియర్లు, అంటే దాదాపు 2,300 వాట్లు. ఇక్కడి ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసుకెళ్లి అన్నీ దానికే తగిలించేవాళ్లుంటారు. అలాంటి బోర్డుల్లో చాలావాటి సామర్థ్యం 6 ఆంపియర్లే. ఇస్త్రీపెట్టె, మిక్సీ ఒకేసారి పెడితే వైరు వేడెక్కుతుంది.

వెట్ గ్రైండరు తీసుకెళ్లాలా అని మా ఇంట్లో నాలుగు రోజులు నడిచింది. 2 లీటర్ల టేబుల్ టాప్ రకం. కాటా మీద 12 కిలోలు, ప్యాకింగుతో 0.08 సీబీఎం. ఓడకి పెద్ద భారం కాదు, తీసుకెళ్లడానికే నిర్ణయించాం. దాన్ని సిద్ధం చేయడమే అసలు పని. రాళ్ల మీద సన్నటి గుంటలుంటాయి, వాటిలో పిండి ఎండి గట్టిపడుతుంది. క్వారంటైన్ వాళ్ల దృష్టిలో అది ధాన్యపు అవశేషం. గోరువెచ్చని నీళ్లు పోసి పది నిమిషాలు ఖాళీగా తిప్పి, ఇత్తడి బ్రష్‌తో రుద్ది, మళ్లీ నీళ్లు మార్చి తిప్పాలి. నీళ్లు తేటగా వచ్చేదాకా ఇలా చేయాలి. మాకు నాలుగు విడతలు పట్టింది. తర్వాత రాళ్లు విడిగా తీసి మూడు రోజులు ఎండలో పెట్టాం. రాయి లోపల తేమ మిగిలితే తొమ్మిది వారాలు మూసిన పెట్టెలో బూజు పడుతుంది, ఆ వాసన తర్వాత ఎంత కడిగినా పోదు. రాళ్లని డ్రమ్ములో వదిలేసి ప్యాక్ చేయకూడదు. లారీ కుదుపులకి రాయి డ్రమ్ముకి కొట్టుకుని స్టీలు సొట్టలు పడుతుంది. రాళ్లు వేరే పెట్టెలో అడుగున, డ్రమ్ము వేరే పెట్టెలో పెట్టాలి. బెల్టు ఒకటి అదనంగా కొని పెట్టుకోండి. ఆ మోడల్ బెల్టు అక్కడ వెతుక్కోవడం కష్టం.

కుక్కరుదీ అదే సంగతి. గ్యాస్కెట్లు రెండు మూడు, సేఫ్టీ వాల్వులు రెండు, వెయిట్ ఒకటి చిక్‌పేటలో కొన్నాం. గ్యాస్కెట్ కంపెనీని బట్టి, లీటర్లని బట్టి మారుతుంది, కాబట్టి మూత తీసుకెళ్లి సరిచూసి కొనడం మంచిది. 5 లీటర్లదని చెప్పి తెస్తే వెడల్పు రకానికి, పొడవు రకానికి తేడా వచ్చి ఆవిరి పోతుంది.

పొయ్యి గురించి ముందే తెలుసుకోకపోతే సగం గిన్నెలు వృథా. మన ఎల్‌పీజీ స్టౌ అక్కడికి తీసుకెళ్లి లాభం లేదు. అద్దె ఇళ్లలో పొయ్యి గట్టులోనే బిగించి ఉంటుంది. మెల్‌బోర్న్ పాత ఇళ్లలో వచ్చేది నేచురల్ గ్యాస్, దాని నాజిల్ కొలత వేరు. పైగా మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో 2024 జనవరి 1 నుంచి ప్లానింగ్ పర్మిట్ అవసరమయ్యే కొత్త ఇళ్లకి గ్యాస్ కనెక్షనే ఇవ్వడం లేదు. కొత్త కాలనీల్లో ఇల్లు తీసుకునేవాళ్లకి ఇండక్షన్ పొయ్యి రావడానికే ఎక్కువ అవకాశం. అందుకని ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం ఒకటి తీసుకుని ప్రతి గిన్నె అడుగునా పెట్టి చూశాం. గట్టిగా అతుక్కుంటే ఇండక్షన్ మీద పనిచేస్తుంది. హిండాలియం మూకుళ్లు, అల్యూమినియం కుక్కరు, ఇత్తడి గిన్నెలు అతుక్కోవు. మంచి స్టీలు గిన్నెల్లోనూ కొన్నిటికి అయస్కాంతం అంటదు, ఆ రకం ఉక్కు అంతే. అది నాణ్యత లోపమేమీ కాదు. ఇనప పెనం, గుంత పొంగనాల పోత ఇనప పెనం చక్కగా అతుక్కున్నాయి. కానీ అడుగు చదునుగా లేకపోతే గాజు పొయ్యి మీద వేడి పట్టదు, గరుకుగా ఉంటే గాజు మీద గీతలు పడతాయి. గుండ్రటి అడుగున్న మూకుళ్లు మూడూ ఊరికి పంపేశాం.

నాన్‌స్టిక్‌వి, ప్లాస్టిక్ డబ్బాలు, గాజు సీసాలు ఎవరికైనా ఇచ్చేయండి. జంతికల గొట్టం, ఇడ్లీ రేకులు, కొబ్బరి కోరు, కవ్వం మాత్రం వదలకండి. చోటు పట్టవు, రోజూ పనికొస్తాయి. వాటర్ ప్యూరిఫయరు అక్కర్లేదు, అక్కడ కుళాయి నీళ్లు తాగొచ్చు. ఇన్వర్టరు, బ్యాటరీ, స్టెబిలైజరు, గీజరు, సీలింగు ఫ్యాన్ల గురించి ఆలోచన కూడా పెట్టుకోవద్దు.

ఇక క్వారంటైన్. మేం ఎక్కువ రోజులు పెట్టింది దీని మీదే. ఆస్ట్రేలియా భయమంతా పురుగులూ, విత్తనాలూ, మట్టీ. ధాన్యం కొట్టుల్ని నాశనం చేసే ఖాప్రా పురుగు ఉన్న దేశాల్లో మనది ఒకటి. ఆ పురుగు తమ దేశంలోకి రాకుండా 2020 నుంచి వాళ్లు కొన్ని పంటల గింజల్ని ప్రయాణికుల సామానులోనూ, ఓడలో వచ్చే ఇంటి సామానులోనూ రానివ్వడం లేదు. బియ్యం, శనగలు, పెసలు, కందులు, జీలకర్ర, ధనియాలు, ఎండుమిరపకాయలు, వేరుశనగలు అందులో ఉన్నాయి. సరుకులు తీసుకెళ్లాలనే ఆలోచనే వద్దు, మెల్‌బోర్న్ శివారు డాండెనాంగ్‌లోని ఇండియన్ షాపుల్లో అన్నీ దొరుకుతాయి. చిక్కల్లా మనకి తెలియకుండా వెళ్లిపోయే గింజలతో. పోపుల డబ్బా అంచు మడతలో జీలకర్ర, మిక్సీ జారులో బ్లేడు కింద ఇరుక్కున్న ధనియం ముక్క, పప్పుగుత్తి గాడుల్లో ఎండిన పప్పు. బ్లేడు విప్పి, కింద వాషరు తీసి, పన్నుపుల్లతో శుభ్రం చేయాల్సి వచ్చింది.

మన ఇళ్లలో ఎవరూ ఊహించని ఇంకో చోటు బీరువా. పట్టుచీరల మడతల్లో అక్షింతలుంటాయి. పెళ్లినాటి చీరలో, సారెలో వచ్చిన జాకెట్టు గుడ్డలో వక్కలు, పసుపు కొమ్ము, ఒడిబియ్యం మూట కట్టి ఉంటాయి. దేవుడి గూట్లో అక్షింతల పొట్లం, నవధాన్యాలు ఉంటాయి. అక్షింతలు మనకి ఆశీర్వాదం, సరిహద్దు దగ్గర బియ్యం. ప్రతి చీరా తెల్లటి దుప్పటి మీద విప్పి, దులిపి, మళ్లీ మడతపెట్టాం. దొరికిన అక్షింతలన్నీ ఒక రాగి చెంబులో పోసి ఊళ్లో అమ్మకి పంపాం.

పూజ సామానులో ఇత్తడి కుందులు, గంట, హారతి పళ్లెం జిడ్డు లేకుండా కడిగితే ఏ ఇబ్బందీ లేదు. పిడకలు, వాటి విభూతి, గోమూత్రం వద్దు. దర్భలు, మామిడాకులు, కలశం కొబ్బరికాయ వద్దు. రుద్రాక్ష గింజే కాబట్టి డిక్లేర్ చేసి, అంటే మన దగ్గరుందని ముందే చెప్పి, చూపించాలి. నెమలి ఈకలకి ఇక్కడి నుంచి ఎగుమతే నిషేధం. పాలకోవా, బర్ఫీ లాంటి పాల మిఠాయిలు సూట్‌కేసులో పెట్టకండి, తీసేసుకుంటారు. పచ్చళ్లు పెట్టుకునేవాళ్లు సీలు వేసిన, ఇంగ్లిషు లేబులున్న సీసాలు కొనుక్కుని డిక్లేర్ చేయడం మేలు. విమానంలో ఇచ్చే కార్డులో తినేవి ఉన్నాయా అన్న చోట "అవును" అని టిక్ పెట్టి చూపిస్తే, మహా అయితే ఆ వస్తువు పోతుంది. దాచితే వేల డాలర్ల జరిమానా, తాత్కాలిక వీసాల మీద వెళ్లేవాళ్లకి వీసా రద్దు చేసే అధికారం కూడా వాళ్లకుంది.

చెక్క వస్తువులకు పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. తెల్ల కాగితం పరిచి, దాని మీద వస్తువుని నాలుగు వైపులా తట్టండి. సన్నటి పిండిలాంటి పొడి రాలితే లోపల పురుగున్నట్టే. గుండుసూది తలంత చిల్లులున్నా అంతే. మా అప్పడాల పీట ఈ పరీక్షలో నెగ్గింది, దేవుడి మందిరం ఓడిపోయింది. వెనక పలకలో ఏడు చిల్లులు కనిపించాయి. అలాంటిది తీసుకెళ్తే అక్కడ పురుగు చచ్చేలా మందు పొగ పట్టించే ఖర్చు మనదే, లేదంటే వెనక్కి పంపడమో ధ్వంసం చేయడమో. మందిరం ఇక్కడే ఉండిపోయింది. చేట, తాటాకు విసనకర్ర, కొబ్బరి చీపురు, వెదురు బుట్టలు కూడా ఆపేశాం. మృదంగం ఉన్నవాళ్లు అది తోలు వస్తువని గుర్తుపెట్టుకుని డిక్లేర్ చేయాలి. చెప్పులు, సైకిలు టైర్లు, క్రికెట్ స్పైకులు, వ్యాక్యూమ్ క్లీనరు: వీటిలో మట్టి రేణువు కూడా ఉండకూడదు. బూటు అడుగు గాడుల్లో మట్టి పాత టూత్‌బ్రష్‌తో, సూదితో తీయాల్సి వచ్చింది. నలుగురి బూట్లకి ఒక పూట పట్టింది.

ప్యాకింగులోనూ ఈ నియమమే. ఇత్తడి కొట్టువాళ్లు బిందెల్లో వరిగడ్డి కూరి ఇస్తారు, అది తీసేయాలి. పళ్లకీ, గుడ్లకీ వాడిన అట్టపెట్టెలు వాడకూడదు. కింద వేసే చెక్క ప్యాలెట్ మీద ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉండాలి. ఆ ముద్రలో గోధుమ కంకి బొమ్మ, హెచ్‌టీ అన్న అక్షరాలు కనిపిస్తాయి. చెక్కని లోపలి దాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచారని దానర్థం. ప్యాకర్లు వచ్చిన రోజే ఆ ముద్ర చూసి ఫొటో తీసుకోండి.

నాకు అన్నిటికంటే పనికొచ్చిన ఉపాయం ఒకటి చెబుతాను. చెక్కవి, తోలువి, మొక్కల నుంచి వచ్చినవి, చెప్పులు అన్నీ ఒకే పెట్టెలో పెట్టి, దానికి 1వ నంబరు వేసి, జాబితాలో పేరుపేరునా రాశాం: "చపాతీ పీట, చెక్క, 1. అప్పడాల కర్ర, చెక్క, 1. రుద్రాక్ష మాల, 1." ప్యాలెట్‌లో ఆ పెట్టెని పైన, బయటికి కనిపించేలా పెట్టించాం. తనిఖీకి వాళ్లు విప్పింది ఆ పెట్టె, పక్కనున్న ఇంకోటి, అంతే. పాతిక పెట్టెల్లో ఒక్కో చెక్క గరిటె ఉంటే పాతికా విప్పుతారు, గంటల లెక్కన ఖర్చు మనకి పడుతుంది. "వంటింటి సామాను" అని ఊరికే రాసిన పెట్టెల మీదే అనుమానం ఎక్కువ.

పన్ను సంగతి. ఓడలో వచ్చే ఇంటి సామానుకి అన్‌అకంపెనీడ్ పర్సనల్ ఎఫెక్ట్స్ స్టేట్‌మెంట్ అని బి534 ఫారం నింపాలి. 12 నెలలకు పైగా మన దగ్గరుండి వాడినవైతే సుంకం ఉండదు. ప్రయాణం ముందు కొత్త స్టీలు గిన్నెలు, కొత్త మిక్సీ కొని ఓడలో వేయడం అందుకే మంచిది కాదు. కొత్తవి కొనాల్సి వస్తే సూట్‌కేసులో పెట్టుకోండి. అక్కడ పెద్దవాళ్లకి మనిషికి 900 ఆస్ట్రేలియన్ డాలర్ల దాకా మినహాయింపు ఉంది. ఇంకో మాట, మనిషి ఆ దేశంలో దిగకుండా సామాను విడుదల కాదు. సామాను ముందే చేరితే రేవు గిడ్డంగిలో రోజువారీ అద్దె మొదలవుతుంది. మేం ఎక్కడానికి నాలుగు రోజుల ముందు లారీ ఎక్కించాం.

ప్యాకర్ల కొటేషన్లు మూడు తీసుకున్నాం. అన్నిటికంటే తక్కువ చెప్పినాయన కాగితంలో "డోర్ టు పోర్ట్" అని చిన్న అక్షరాల్లో ఉంది. అంటే మెల్‌బోర్న్ రేవులో దించే ఛార్జీ, డెలివరీ ఆర్డరు ఫీజు, క్వారంటైన్ తనిఖీ ఫీజు, ఇంటికి చేర్చే వ్యాను అన్నీ మన నెత్తినే. వాటిని విడిగా అడిగి కలిపితే అదే అందరికంటే ఖరీదైంది. రేటు సీబీఎంకి ఎంతో, కొలిచేది ప్యాలెట్ ఎక్కించక ముందా తర్వాతా అన్నది రాతపూర్వకంగా అడగండి. మావి 18 పెద్ద పెట్టెలు, 8 పుస్తకాల పెట్టెలు, విడిగా 2.63 సీబీఎం. ప్యాలెట్ మీద పేర్చి చుట్టాక 3.1 అయింది. బిల్లు ఆ 3.1కే. పెట్టెలు ఉబ్బకుండా మూత చదునుగా కూర్చునేలా నింపితే కొంత కలిసొస్తుంది.

ఇన్సూరెన్సులో "ఆల్ రిస్క్" అనీ, "టోటల్ లాస్" అనీ రెండుంటాయి. రెండోదాంట్లో సామానంతా పూర్తిగా పోతే తప్ప డబ్బు రాదు. ఆల్ రిస్క్ తీసుకున్నా, మనం సొంతంగా సర్దుకున్న పెట్టెలో వస్తువు పగిలితే సాధారణంగా ఇవ్వరు. అందుకని బట్టలు, పుస్తకాలు మేం సర్దుకుని, పగిలేవన్నీ ప్యాకర్ల చేత సర్దించాం.

పెద్ద వస్తువుల మీద మాట్లాడటానికి పెద్దగా ఏం లేదు. ఫ్రిజ్, వాషింగ్ మెషీను, టీవీ, మంచాలు, సోఫా, డైనింగ్ టేబులు అమ్మేశాం. వీటికి పెట్టే ఓడ ఖర్చుతో అక్కడ వాడినవి మంచివే దొరుకుతాయి. దుప్పట్ల కొలత మాత్రం చూసుకోండి. మన 72×78 అంగుళాల పరుపు 183×198 సెం.మీ., అక్కడి కింగ్ 183×203. ఎలాస్టిక్ దుప్పటి 5 సెం.మీ. చాలక మూల పైకి లేస్తుంది. మామూలు దుప్పట్లయితే నడుస్తాయి. పాత ఫోన్లు "ఉంటే పనికొస్తాయి" అని పెట్టుకోవద్దు. అక్కడ 2024లో 3జీ మూసేశారు. 4జీలో అత్యవసర నంబరు 000కి కాల్ చేయలేని ఫోన్లని నెట్‌వర్కులు అడ్డుకుంటాయి. పవర్‌బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి.

తెలుగు పుస్తకాల విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. అక్కడ దొరకవు, పిల్లలకి అవే కావాలి. ఓడలో కిలో 64 రూపాయలంటే అంత చవగ్గా వెళ్లే వస్తువు ఇంకోటి లేదు. రెండు రోజులు ఎండలో పెట్టి, అట్టల వెనక వెండి పురుగులున్నాయేమో చూసి, పెట్టెకి రెండేసి సిలికా జెల్ సంచులు వేశాం. ఇంగ్లిషువి చర్చ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల షాపుకి ఇచ్చేశాం. పట్టుచీరలు ప్లాస్టిక్ కవర్లలో కాకుండా పాత ధోవతి గుడ్డలో చుట్టాం. ఓడ వేడి ప్రాంతం నుంచి చల్లని ప్రాంతానికి వెళ్లేటప్పుడు కంటైనరు లోపల ఆవిరి నీటి బొట్లుగా మారుతుంది. ప్లాస్టిక్ లోపల తేమ చిక్కితే జరీ నల్లబడుతుంది.

తాతల నాటి కంచు విగ్రహాలు, తాళపత్రాలు ఉన్నవాళ్లు ఇది గమనించాలి. 1972 నాటి చట్టం ప్రకారం 100 ఏళ్లు దాటిన కళాఖండాలు, 75 ఏళ్లు దాటిన రాతప్రతులు దేశం దాటకూడదు. అంత పాతవి కావని పురావస్తు శాఖ నుంచి సర్టిఫికెట్ తీసుకోవాలి. దానికి సమయం పడుతుంది, మొదటి వారంలోనే అడగండి. బంగారం చేతి సంచిలో పెట్టుకుని, విలువ ఎక్కువైతే బయల్దేరేటప్పుడు కస్టమ్స్ దగ్గర ఎగుమతి సర్టిఫికెట్ రాయించుకోండి. తిరిగి వచ్చినప్పుడు ఇది మనదేనని చూపడానికి ఆ కాగితమే ఆధారం. సర్టిఫికెట్లు, పిల్లల టీకాల కార్డులు, స్కూలు టీసీలు, డాక్టరు చీటీతో మూడు నెలల మందులు కూడా చేతి సంచిలోనే.

ఊరికి వెళ్లేవి కలాసిపాళ్యం నుంచి పార్టు లోడు లారీలో వేశాం. మందిరం, గుండ్రటి మూకుళ్లు, బొంతలు, చేట అందులో వెళ్లాయి. ప్రతి మూట మీదా అమ్మకి అర్థమయ్యేలా లోపల ఏముందో తెలుగులో రాశాం. చివరి వారం దాకా ఉంచాల్సింది గ్యాస్ ఒక్కటే. సిలిండరు, రెగ్యులేటరు, సబ్‌స్క్రిప్షన్ వోచరు మూడూ ఏజెన్సీలో అప్పగిస్తే డిపాజిట్ తిరిగిస్తారు. వోచరు పోతే అఫిడవిట్ అడుగుతారు, కాబట్టి సామాను సర్దేటప్పుడు వోచరు ఉన్న పసుపు కవరు ఏ పెట్టెలోకీ వెళ్లకుండా తలుపు వెనక మేకుకి తగిలించి ఉంచాం.